వాన తగ్గినా పెరిగిన వరద: సహెల్‌లో నేల మార్పు, నైజర్ నది

నేలను కప్పి ఉండే అడవి, పొద, గడ్డి, పంట, బీడు, బండ, ఊరు అన్నిటినీ కలిపి భూ ఆచ్ఛాదన అంటారు. ఆచ్ఛాదన మారితే వాన నీటిలో ఎంత ఇంకుతుంది, ఎంత పారుతుంది అన్న లెక్క మారుతుంది. పొడి ప్రాంతాల్లో ఈ మార్పు నది వరదల తీరునే మార్చేయగలదు. దీనికి విస్తారంగా నమోదైన ఉదాహరణ పశ్చిమాఫ్రికాలోని సహెల్. అక్కడ 1968 తర్వాత రెండు దశాబ్దాలకు పైగా వానలు తగ్గాయి. అయినా అనేక వాగుల్లో, ఉపనదుల్లో ప్రవాహం పెరిగింది. జలశాస్త్రజ్ఞులు దీన్ని సహెల్ విరోధాభాసం అంటారు. పొడి నేలల్లో వరదను ఆకాశంతో పాటు నేల పైపొర కూడా నిర్ణయిస్తుందని ఈ ఉదాహరణ స్పష్టం చేసింది.

పొడి ప్రాంతాలు, అక్కడి వాన

ఒక చోట ఏడాదిలో కురిసే వానను, అక్కడి ఎండకూ గాలికీ ఆవిరి కాగల నీటితో భాగిస్తే వచ్చే అంకె శుష్కతా సూచిక. ఈ సూచిక 0.65 కన్నా తక్కువ ఉన్న చోట్లను పొడి ప్రాంతాలుగా లెక్కిస్తారు. 0.05 లోపు అయితే అతిశుష్కం, 0.05 నుంచి 0.20 వరకు శుష్కం, 0.20 నుంచి 0.50 వరకు అర్ధశుష్కం, ఆపైన 0.65 వరకు పొడి ఉపార్ద్రం. ప్రపంచ భూభాగంలో దాదాపు 40 శాతం ఈ నాలుగు తరగతుల కిందికి వస్తుంది. 200 కోట్లకు పైగా జనం ఇక్కడ బతుకుతున్నారు.

సహెల్ అంటే సహారా ఎడారికి దక్షిణపు అంచున, సెనెగల్ నుంచి సూడాన్ దాకా సాగే అర్ధశుష్క పట్టీ. ఏటా సుమారు 200 నుంచి 600 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అదంతా దాదాపుగా జూన్, సెప్టెంబరు నెలల మధ్యే కురుస్తుంది. నైజర్ దేశ రాజధాని నియామే సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అంటే మన అనంతపురం సగటుకు దగ్గరగా ఉంటుంది. నైజర్ రైతు ముఖ్య పంట సజ్జ, దానిలో అంతరపంట అలసంద.

ఇక్కడి వాన ముసురుపట్టి కురిసే రకం కాదు. తూర్పు నుంచి పడమరకు బారులు తీరి కదిలే ఉరుముల మేఘాలు ధూళిగాలిని ముందు తోసుకుంటూ వచ్చి, కాసేపట్లో కుమ్మరించి వెళ్ళిపోతాయి. తొలి అరగంటలో వాన వేగం గంటకు 50 మిల్లీమీటర్లు దాటడం మామూలే. అందుకే ఏడాది మొత్తం వాన తక్కువగా ఉన్నా, ఆ కాసేపూ నేల తట్టుకోలేనంత నీరు ఒక్కసారిగా మీద పడుతుంది.

వాన నీరు వరదగా మారే తీరు

వాన నీరు రెండు తీరుల్లో నేల మీద పారుతుంది. తేమ ప్రాంతాల్లో నేల లోపలి పొరలు నిండిపోయి, ఇక పట్టక మిగిలిన నీరు పైకి వస్తుంది. పొడి ప్రాంతాల్లో లోపల నేల ఎండిపోయి ఉన్నా, పైపొర మింగగల వేగం కన్నా వాన వేగం ఎక్కువ కావడంతో నీరు పైనుంచే జారిపోతుంది. ఈ రెండో తీరును 1930లలో వివరించిన అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హోర్టన్ పేరు మీద దీన్ని హోర్టన్ ప్రవాహం అంటారు. ఇక్కడ వరదకు ద్వారం తెరిచేదీ మూసేదీ నేల పైభాగంలోని కొద్ది మిల్లీమీటర్ల మందం.

ఆ మందాన్ని కాపాడేది ఆచ్ఛాదన. ఆకులూ గడ్డీ చినుకు దెబ్బను తమ మీద కాచుకుంటాయి. వేళ్ళు, చెదలు, వానపాములు మట్టిలో దారులు తొలుస్తాయి. రాలిన ఆకు మట్టి రేణువులను గుత్తులుగా పట్టి ఉంచుతుంది. కప్పు పోయిన నేల మీద చినుకు సూటిగా పడి ఆ గుత్తులను చితకగొడుతుంది. చెదిరిన సన్నటి రేణువులు మట్టి రంధ్రాల్లో చేరి వాటిని పూడ్చేస్తాయి. వాన వెలిసి ఎండ కాయగానే పైన పలచని గట్టి పొర ఏర్పడుతుంది, అంటే నేల అట్టకడుతుంది. అలికి ఆరబెట్టిన కళ్ళం మీద నీళ్ళు జారినట్టు, తర్వాతి వాన ఈ పొర మీద జారిపోతుంది. ఫ్రెంచి పరిశోధకులు కాజ్నావ్, వాలెంతాఁ 1989లో సహెల్ నేలల పైపొరలను తరగతులుగా విభజించి, ఒక్కో తరగతి ఎంత నీటిని ఇంకించుకోగలదో కొలిచి ప్రచురించారు. కోతకు గురై నున్నగా గట్టిపడిన నేలలు గంటకు కొద్ది మిల్లీమీటర్లే ఇంకించుకోగలవని ఆ కొలతలు తేల్చాయి. ఇసుక నేల నీటిని బాగా తాగుతుందని సాధారణంగా అనుకుంటాం. అట్టకట్టిన ఇసుక నేల అలా తాగదు.

ఒకసారి అట్టకట్టిన నేల తనంత తాను కోలుకోవడం కష్టం. గాలికి కొట్టుకొచ్చిన విత్తనం నిలవదు, నిలిచినా మొలకకు తేమ అందదు. మొలకెత్తక కప్పు రాదు. కప్పు లేక నేల ఇంకా గట్టిపడుతుంది. జారిన నీరు చిన్న చిన్న పాయలుగా చేరి గండ్లు కోస్తుంది. గండ్లు నీటిని మరింత వేగంగా వాగులోకి చేరవేస్తాయి. అలా ఒకే వానకు వచ్చే నీటి మొత్తం పెరుగుతుంది, అది నదిని చేరే సమయం తగ్గుతుంది. ఈ రెండూ కలిస్తే వరద శిఖరం ఎత్తవుతుంది.

నైజర్ నది రెండు వరదలు

నైజర్ ఆఫ్రికాలో నైలు, కాంగోల తర్వాత మూడో పొడవైన నది, నిడివి సుమారు 4,200 కిలోమీటర్లు. అట్లాంటిక్ తీరానికి సుమారు 240 కిలోమీటర్ల దూరంలోని గినీ మన్యంలో పుట్టి, సముద్రానికి వీపు పెట్టి ఈశాన్యంగా ఎడారి వైపు నడుస్తుంది. మాలిలో విశాలమైన లోతట్టు డెల్టాగా పరుచుకుని, టింబక్టూ దగ్గర వంపు తిరిగి, ఆగ్నేయంగా నైజర్ దేశంలోకి వచ్చి, చివరికి నైజీరియాలో సముద్రంలో కలుస్తుంది.

నియామే దగ్గర 1929 నుంచి ఈ నది మట్టాన్ని కొలుస్తున్నారు. అక్కడ ఏటా రెండు వరదలు వస్తాయి. మొదటిది స్థానిక వరద. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో గొరువోల్, దార్గోల్, సిర్బా అనే ఉపనదులు బుర్కినా ఫాసో, నైజర్ నేలల నుంచి జేగురు రంగు నీటిని తెస్తాయి. దీన్ని ఎర్ర వరద అంటారు. రెండోది గినీ వరద. మన్యంలో కురిసిన వాన లోతట్టు డెల్టాలో నెలల తరబడి పరుచుకుని, అందులో పెద్ద భాగం ఆవిరై పోగా, మిగిలినది డిసెంబరు, జనవరి నాటికి నిదానంగా నియామే చేరుతుంది.

1960ల వరకు ఏడాదిలో పెద్ద వరద అంటే గినీ వరదే. ఎర్ర వరద దానికి ముందు వచ్చే చిన్న అల. తర్వాతి దశాబ్దాల్లో గినీ వరద కుంగింది. 1985 జూన్‌లో నియామే దగ్గర నది ప్రవాహమే ఆగిపోయింది. అదే కాలంలో ఎర్ర వరద ఎదుగుతూ వచ్చి, క్రమంగా ఏడాదిలో గరిష్ఠ మట్టాన్ని తెచ్చేది అదే అయింది. ఒకే నదిలో, ఒకే కొలమానం దగ్గర రెండు వరదలు ఎదురెదురు దిక్కుల్లో నడవడం వల్ల ఈ ఉదాహరణకు ప్రత్యేకమైన విలువ వచ్చింది. రెండు పరీవాహకాల మీదా వాన తగ్గినా, ఒక చోట నీరు తగ్గింది, మరో చోట పెరిగింది. తేడా నేలలో ఉంది.

నేల మారిన క్రమం

1950లు, 60లు సహెల్‌లో మంచి వానల కాలం. 1968తో కరవు మొదలై, 1972–73లోనూ 1983–84లోనూ అత్యంత తీవ్రమైంది. పశువులు వేల మందలుగా చచ్చిపోయాయి. పొదలూ చెట్లూ ఎండిపోయాయి. లోతులేని రాతి నేలల మీద చచ్చిన చెట్లు మళ్ళీ చిగురించలేదు.

అదే కాలంలో జనాభా వేగంగా పెరిగింది. నైజర్ దేశంలో 1960 నాటికి 35 లక్షల లోపు ఉన్న జనం 2012 జనగణన నాటికి కోటీ 71 లక్షలయ్యారు. తిండి కోసం సాగు విస్తరించింది. పూర్వం రైతు కొన్నేళ్ళు పండించి, ఆపై ఎక్కువ ఏళ్ళు నేలను బీడు వదిలేవాడు. బీడులో పొదలు మొలిచి మట్టి మళ్ళీ గుల్లబారేది. సాగు ఒత్తిడికి బీడు గడువు కుదించుకుపోయింది, చాలా చోట్ల పూర్తిగా పోయింది. పట్టణాల పొయ్యిలకు కట్టెలు కావలసి వచ్చి, నియామే చుట్టుపక్కల పీఠభూముల మీది పులిచారల పొదలు నరికివేతకు గురయ్యాయి. ఆకాశం నుంచి చూస్తే పొదల పట్టీ, ఖాళీ పట్టీ ఒకదాని తర్వాత ఒకటిగా కనబడే ఈ అడవిలో, ఖాళీ పట్టీ మీద జారిన నీటిని కింది పొదల పట్టీ తాగేది. పొదలు పోయాక ఆ నీటికి అడ్డు లేకుండా పోయింది.

నైరుతి నైజర్‌లో 1950, 1992ల నాటి విమాన ఛాయాచిత్రాలను పోల్చినప్పుడు, పరిశీలించిన నేలలో దాదాపు 80 శాతం చదునై సాగులోకి వచ్చినట్టు తేలింది. అదే చోట వాగుల, గండ్ల నిడివి రెండున్నర రెట్లు పెరిగింది. బుర్కినా ఫాసోలోని నకంబే నదికి వాయెన్ దగ్గర వరకున్న పరీవాహకంలో 1965, 1995ల మధ్య సహజ వృక్షసంపద 43 శాతం నుంచి 13 శాతానికి పడిపోయింది. సాగు 53 నుంచి 76 శాతానికి, బోడి నేల 4 నుంచి 11 శాతానికి పెరిగాయి. వాన తగ్గినా, పరీవాహకంలో కొత్తగా ఆనకట్టలు వెలసి నీటిని ఆపుకున్నా, నకంబే ప్రవాహం మాత్రం పెరిగింది.

విరోధాభాసాన్ని గుర్తించిన తీరు

1987లో ఫ్రెంచి జలశాస్త్రజ్ఞుడు అల్బెర్జెల్ బుర్కినా ఫాసోలోని చిన్న పరీవాహకాల పాత, కొత్త కొలతలను పోల్చి, కరవు కాలంలో సహెల్ వాగులు మునుపటి కన్నా ఎక్కువ నీటిని మోస్తున్నాయని చూపాడు. తర్వాత సిర్బా, దార్గోల్, గొరువోల్ నదుల కొలతలూ ఇదే చెప్పాయి.

మరో సాక్ష్యం భూగర్భం నుంచి వచ్చింది. నైరుతి నైజర్‌లో చాలా వాగులు నదిని చేరవు. అక్కడ కోరి అని పిలిచే ఈ ఇసుక వాగులు పల్లాల్లోని కుంటల్లో ముగుస్తాయి. పొలాల మీద జారిన నీరు ఆ కుంటల్లో చేరి, అడుగు నుంచి ఇంకి, భూగర్భ జలాన్ని పెంచింది. 1963, 2007ల మధ్య అక్కడి నీటిమట్టం సుమారు 4 మీటర్లు పైకి వచ్చింది. కరవు నడుస్తుంటే బావుల్లో నీరు పెరగడం మొదట్లో ఎవరికీ అంతుపట్టలేదు. పొలంలో ఇంకవలసిన నీరు పొలాన్ని వదిలి కుంటలోకి పోయిందన్నది దాని అర్థం. పైరుకు అందవలసిన తేమ అందలేదు.

మాలిలోని గుర్మా ప్రాంతం ఈ కథకు ఒక ముఖ్యమైన సవరణ తెచ్చింది. అక్కడ సాగు చాలా తక్కువ, ప్రధానంగా పశుపోషణ. అయినా అక్కడి కుంటలు కరవు తర్వాత పెద్దవయ్యాయి. ఏడాదిలో కొన్ని నెలలే నిలిచే నీరు కొన్ని చోట్ల ఏడాదంతా నిలవసాగింది. లోతులేని నేలల మీది చెట్లను కరవే చంపింది, ఆ బోడి నేలలు నీటిని జార్చాయి. కాబట్టి నేల మార్పుకు రైతు గొడ్డలిని మాత్రమే తప్పుపట్టడం సరికాదు. కరవు, సాగు, కట్టెల నరుకుడు ఒక్కో చోట ఒక్కో పాళ్ళలో కలిసి పనిచేశాయి.

దక్షిణాన అలా ఎందుకు జరగలేదు

సహెల్‌కు దక్షిణాన, ఏటా 700 లేదా 800 మిల్లీమీటర్లకు మించి కురిసే సూడాన్ మండలం అనే వాతావరణ పట్టీలో విరోధాభాసం కనబడలేదు. నైజర్‌లో కలిసే బని నదిలో వాన తగ్గినదాని కన్నా ప్రవాహం చాలా ఎక్కువ పాళ్ళలో తగ్గింది. అక్కడి నదులు ప్రధానంగా నిండిన నేల నుంచీ భూగర్భ జలం నుంచీ ఊరే నీటితో పారతాయి. కరవులో ఆ నిల్వ కరిగిపోయింది. ఒకే కరవు, ఒకే తరహా చదును. అయినా వాన నీరు వరదగా మారే తీరు వేరు కాబట్టి ఫలితమూ వేరైంది. అడవి పోతే వరద పెరుగుతుందన్న సూత్రాన్ని ఎక్కడ పడితే అక్కడ అన్వయించకూడదని ఈ సరిహద్దు హెచ్చరిస్తుంది. ఏ నేల మీద నీరు ఏ తీరున పారుతుందో ముందు తెలుసుకోవాలి.

వాన వాటా, నేల వాటా

1970, 80 దశకాల్లో లెక్క తేలిక. వాన తగ్గింది కాబట్టి పెరిగిన ప్రవాహానికి కారణం నేలే. 1990ల నుంచి లెక్క చిక్కుపడింది. వాన కొంత కోలుకుంది, పైగా దాని స్వభావం మారింది. 1982 నుంచి ఉపగ్రహాలు తీసిన చిత్రాలను విశ్లేషించి 2017లో ప్రచురించిన పరిశోధన, సహెల్‌లో అత్యంత తీవ్రమైన గాలివానల సంఖ్య మూడు రెట్లయిందని చూపింది. సహారా వేడెక్కడం దీనికి కారణాల్లో ఒకటని భావిస్తున్నారు.

రెండింటి వాటాలను విడదీయడానికి పరిశోధకులు పరీవాహక నమూనాలను వాడతారు. నేలను పాత స్థితిలోనే ఉంచి, నిజంగా కురిసిన వానను మాత్రం అందులో పోసి చూస్తారు. వచ్చిన వరద అసలు వరద కన్నా ఎంత తక్కువగా ఉంటే, నేల మార్పు వాటా అంత. సహెల్ పరిధిలోని నైజర్ ఉపనదులపై జరిగిన ఇటువంటి విశ్లేషణలు వానకూ నేలకూ రెండింటికీ గణనీయమైన వాటా ఉందని చూపాయి. వేగంగా కురిసే వాన, వేగంగా జార్చే నేల ఒకదాని ప్రభావాన్ని మరొకటి పెంచుతాయి.

నియామే మునిగిన ఏళ్ళు

ఈ మార్పుల బరువు నియామే మీద పడింది. 2010లో పెద్ద వరద వచ్చింది. 2012 ఆగస్టులో ఎర్ర వరద 1929 నుంచి ఉన్న రికార్డులన్నిటినీ దాటింది. 2020 సెప్టెంబరు ఆరంభంలో ఆ రికార్డు కూడా పోయింది. కట్టలు తెగి, నది ఒడ్డున ఉన్న వరి మళ్ళు, పేటలు మునిగిపోయాయి, వేలాది కుటుంబాలు ఇళ్ళు వదిలి వెళ్ళాయి.

నీరు పెరగడంతో పాటు మరో రెండు సంగతులు నష్టాన్ని పెంచాయి. కోరి వాగులు తెచ్చిన ఇసుక నదిలో మేటలు వేసింది. నది అడుగు పైకి లేచిన చోట, అంతే నీటికి మునుపటి కన్నా ఎక్కువ మట్టం వస్తుంది. రెండోది, కరవు దశాబ్దాల్లో నది వెనక్కి తగ్గిన చోట్ల జనం ఇళ్ళు కట్టుకున్నారు. మట్టి గోడల ఇల్లు నీటిలో నానితే ఒక్క రోజులో కూలిపోతుంది. వరద నష్టాన్ని అంచనా కట్టేటప్పుడు ఎగువన పోయిన పొదనూ, దిగువన నది చోటులో వెలసిన పేటనూ కలిపే చూడాలి.

మళ్ళీ పచ్చబడుతున్నా

1980ల మధ్య నుంచి ఉపగ్రహ చిత్రాల్లో సహెల్ మొత్తం మీద పచ్చదనం పెరుగుతూ వచ్చింది. అయినా చాలా చోట్ల ప్రవాహం పాత స్థితికి తగ్గలేదు. దీన్ని కొందరు రెండో విరోధాభాసం అంటారు. లోతైన ఇసుక నేలలు వానతో పాటు కోలుకున్నాయి. లోతులేని రాతి నేలలు, అట్టకట్టిన వాలులు కోలుకోలేదు. వరద నీటిలో ఎక్కువ భాగం ఈ రెండో రకం నేలల నుంచే వస్తుంది. సగటు పచ్చదనం పెరిగినంత మాత్రాన వరద తగ్గదు. నీటిని జార్చే మచ్చలను వెతికి పట్టుకుని బాగుచేయాలి.

నేలను బాగుచేసే పనులు

ఈ పనిలో సహెల్ రైతులే దారి చూపారు. బుర్కినా ఫాసోలోని యాటెంగా ప్రాంతంలో జాయి అనే పాత పద్ధతి ఉంది. ఎండాకాలంలో గట్టినేలలో 20 నుంచి 40 సెంటీమీటర్ల వెడల్పు, 10 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గుంటలు వరుసగా తవ్వి, పేడ ఎరువు వేసి, తొలకరికి అందులోనే సజ్జో జొన్నో విత్తుతారు. ఎరువు కోసం వచ్చిన చెదలు అట్టకట్టిన నేలను తొలిచి గుల్ల చేస్తాయి. జారే నీరు గుంటలో ఆగి ఇంకుతుంది. కరవు కాలంలో ఈ పద్ధతిని మెరుగుపరిచి, బోడి నేలలో అడవిని పెంచిన రైతు యాకూబా సవడోగో. ఆయన 2023లో మరణించాడు.

వాలుకు అడ్డంగా రాళ్ళ వరసలు పేర్చడం, నీటికి ఎదురుగా తెరుచుకునే అర్ధచంద్రాకార కట్టలు వేయడం మిగతా పద్ధతులు. నైజర్‌లోని మరాడి ప్రాంతంలో 1980ల ఆరంభంలో ఆస్ట్రేలియా వ్యవసాయ నిపుణుడు టోనీ రినాడో మరో సంగతి గమనించాడు. మొక్కలు కొత్తగా నాటనక్కర లేదు, పొలంలో నరికిన మొద్దుల వేళ్ళు ఇంకా బతికే ఉన్నాయి. ఏటా దున్నేటప్పుడు చిగుళ్ళను కోసేయకుండా, మంచి కొమ్మలను ఎంచి కాపాడితే చెట్టు దానంతట అదే లేస్తుంది. ఈ పద్ధతి నైజర్‌లో సుమారు 50 లక్షల హెక్టార్లకు వ్యాపించింది. సవడోగో, రినాడో ఇద్దరికీ 2018లో రైట్ లైవ్లీహుడ్ పురస్కారం లభించింది.

ఈ పనులకు హద్దులున్నాయి. గుంటలూ కట్టలూ చిన్న, మధ్యరకం వానలను బాగా ఆపుతాయి. ఒక్క రోజులో ఊరు మునిగేంత కుండపోత వస్తే అవి త్వరగానే నిండి పొంగుతాయి. అందుకని ముంపు నేలలో ఇళ్ళు కట్టనివ్వకపోవడం, ముందస్తు హెచ్చరిక, కరకట్టల మరమ్మతు వీటితో పాటే జరగాలి.

ఇతర పొడి ప్రాంతాలు

చైనాలోని లోయెస్ పీఠభూమి ఎదురు దిక్కు ఉదాహరణ. 6 లక్షల చదరపు కిలోమీటర్లకు మించిన ఈ మెత్తటి మట్టి నేల, పసుపు నదికి ఆ రంగునిచ్చే బురదకు పుట్టిల్లు. మెట్ల పొలాలు, వాగుల్లో అడ్డుకట్టలు, 1999లో మొదలైన వాలు పొలాలను అడవికి వదిలే పథకం కలిసి, అక్కడి వృక్షాచ్ఛాదనను 1999లో ఉన్న సుమారు 32 శాతం నుంచి 2013 నాటికి 60 శాతానికి చేర్చాయి. ఒకప్పుడు ఏటా 160 కోట్ల టన్నులున్న నది బురద చాలా తక్కువ భాగానికి తగ్గిపోయింది. నదిలో నీరు కూడా తగ్గింది. మొక్కలు తాగే నీరు మనుషుల అవసరాలతో పోటీపడే హద్దుకు చేరుకుందని 2016లో పరిశోధకులు హెచ్చరించారు. పొడి నేలలో పచ్చదనం ఉచితంగా రాదు, అది నీటిని తన వాటాగా తీసుకుంటుంది.

అమెరికాలోని కాలిఫోర్నియాలో ఈ మార్పు కొన్ని రోజుల్లోనే జరుగుతుంది. కార్చిచ్చు పొదలను కాల్చినప్పుడు, వాటి మైనపు పదార్థాలు ఆవిరై మట్టిలో చేరి నీటిని వెనక్కి నెట్టే పొరగా మారతాయి. 2017 డిసెంబరులో మొదలైన థామస్ కార్చిచ్చు కాల్చిన కొండల మీద 2018 జనవరి 9న గట్టి వాన కురిసింది. బురదా బండరాళ్ళూ మాంటెసిటో పట్టణం మీదికి దొర్లి 23 మందిని బలిగొన్నాయి.

తెలుగు నేలతో పోలిక

రాయలసీమ, తెలంగాణ చాలావరకు అర్ధశుష్క ప్రాంతాలే. సహెల్‌తో నేరుగా సంబంధం కూడా ఉంది. సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, నియామే దగ్గరి సదోరేలో తన సహెల్ కేంద్రాన్ని నడుపుతోంది. పటాన్‌చెరు నల్లరేగడిలో 1976 నుంచి సాగిన పోలిక ప్రయోగంలో, వానాకాలంలో నేలను ఖాళీగా ఉంచే పాత సాగు కన్నా, వెడల్పు బోదెలు వేసి వానాకాలంలోనే పంటతో కప్పిన సాగులో పారిపోయే నీరు బాగా తగ్గింది, కొట్టుకుపోయే మట్టి దాదాపు నాలుగో వంతుకు పడిపోయింది.

మూసీ నది ఒకే పరీవాహకంలో రెండు దిక్కుల మార్పునూ చూపుతుంది. 1908 సెప్టెంబరు 28 నాటి మహా వరద తర్వాత హైదరాబాదు రక్షణ కోసం 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. దశాబ్దాలు గడిచే కొద్దీ ఎగువన చెక్‌డ్యాములు, బోరుబావులు, మారిన సాగు వల్ల ఈ జలాశయాలకు వచ్చే సాధారణ ఏటి నీరు తగ్గింది. దిగువన నగరంలో చెరువులూ నాలాలూ కుంచించుకుపోయి కాంక్రీటు పరుచుకుంది. 2020 అక్టోబరు 13 నాటి వానకు కాలనీలు మునగడంలో ఆ కాంక్రీటుకూ వాటా ఉంది.

అయితే అన్ని వరదలనూ నేల మార్పు ఖాతాలో వేయడం తప్పు. 2009 అక్టోబరు ఆరంభంలో కర్నూలును ముంచిన వరదప్పుడు శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు వచ్చింది. అంత వాన పెద్ద పరీవాహకమంతటా రోజుల తరబడి కురిస్తే, ఏ ఆచ్ఛాదనా దాన్ని పూర్తిగా ఆపలేదు. నేల కప్పు ప్రభావం చిన్న, మధ్యరకం వరదల్లో, చిన్న పరీవాహకాల్లో ఎక్కువ. వాన ఎంత అసాధారణమైతే దాని పాత్ర అంత తగ్గుతుంది.

సారాంశం

సహెల్ అనుభవం మూడు విషయాలను స్థిరపరిచింది. మొదటిది, పైపొర మీద జారే నీటితో నడిచే పొడి పరీవాహకాల్లో ఆచ్ఛాదన పోతే, వాన తగ్గినా వరద పెరగవచ్చు. రెండోది, ఆ నష్టం జరగడానికి కొన్నేళ్ళు చాలు, అట్టకట్టిన నేల కోలుకోవడానికి మంచి వానలు మాత్రమే చాలవు. మూడోది, కరవూ వరదా వేర్వేరు ఇబ్బందులు కావు. ఎగువ పొలంలో పైరు వాడిపోవడం, దిగువ ఊళ్ళో ఇల్లు కూలడం ఒకే జారిన నీటి ఫలితాలు.

ఈ పాఠం తెలుగు మెట్ట ప్రాంతాలకూ వర్తిస్తుంది. అనంతపురం జిల్లా రాతికట్లు, పంట కుంటలు, ఇటీవలి ఏళ్ళలో ప్రకృతి వ్యవసాయంలో తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను కప్పి ఉంచే పద్ధతి చేస్తున్న పని ఇదే. వీటిని కరవు పథకాలుగా మాత్రమే చూడకుండా, వరద రక్షణలో భాగంగా లెక్కించి నిధులు కేటాయించాలి. నది ఒడ్డున కరకట్ట ఎంత అవసరమో, ఆ నదికి నీరు పంపే ప్రతి మెట్ట పొలం మీదా పచ్చటి కప్పు ఉండటం అంతే అవసరం.